తోటకూరకు ఫస్టు ర్యాంకు

ప్రభుత్వం నాకిచ్చిన ఉద్యోగం పేరు గ్రామ వ్యవసాయ సహాయకుడు. ఆ పేరులో చివరి మాటకే నేను ఎక్కువ న్యాయం చేస్తున్నాను. విత్తనాల మూటలు దింపడానికి సహాయకుణ్ణి, పైనుంచి సార్లు వస్తే కుర్చీలు వేయడానికి సహాయకుణ్ణి, వాళ్ళు పొలంలో దిగి ఫోటో తీయించుకుంటుంటే పక్కన మొక్క పట్టుకుని నిలబడడానికి సహాయకుణ్ణి. పేరు గంగాధర్. నేను పనిచేసే నల్లబండపల్లిలో మనుషులకంటే బండగుండ్లు ఎక్కువ. ఆ గుండ్ల మధ్య శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూడడమే ఇక్కడి వ్యవసాయం.

ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా పచ్చగా కనిపించే జాగా ఒకటే ఉంది. అది నల్లమ్మ తోట. తోట అంటే అరెకరమే. మధ్యలో ఎనిమిది వందల అడుగుల బోరు. మొగుడు పోయాక ఆ బోరే ఆమెకు దిక్కు. ఆ నీళ్ళతో తోటకూర పండించి, తెల్లారేసరికి గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి, బుక్కరాయసముద్రం బజారులో కూర్చుని అమ్మేది. పది గంటలకల్లా గంప ఖాళీ అయ్యేది. నల్లమ్మ కూర అయిపోయిందంటే పక్క గంపల వాళ్ళకు అప్పుడు బేరాలు మొదలయ్యేవి.

ఇదంతా రెండేళ్ళ కిందటి మాట. అప్పుడు బోర్ల నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వచ్చి సీసాల్లో పట్టుకుపోయారు. రెండు నెలలకు కాగితం వచ్చింది. నల్లమ్మ బోరు నీళ్ళలో యురేనియం తాగేనీళ్ళకు పెట్టిన హద్దుకంటే ఎక్కువగా ఉందట. ఎవరో తెచ్చి పోసింది కాదు, లోపలి బండల్లోంచే ఊరుతోందట. ఈ నీళ్ళు తాగొద్దని రాశారు. కూర గురించి అందులో ఒక్క ముక్క లేదు. కాగితంలో లేని ముక్కను చెన్నప్ప చేర్చాడు.

చెన్నప్పకు యాభై గొర్రెలున్నాయి. అవి వాటంతటవే మేస్తాయి కాబట్టి ఆయనకు తీరిక ఎక్కువ. ఫోనులో ఏదో చూసి, నల్లమ్మ కూరకు 'బాంబు కూర' అని పేరు పెట్టాడు. ఆ పేరు నల్లమ్మ ఎక్కిన బస్సుకంటే ముందే బుక్కరాయసముద్రం చేరింది. కొనేవాళ్ళు వచ్చి, "ఏమ్మా, చీకట్లో మెరుస్తాదంట గదా నీ కూర?" అని అడిగి నవ్వి పక్క గంపకు పోయేవారు. పదకొండు రోజులు నిండు గంపతో తిరిగొచ్చి, పన్నెండో రోజు నల్లమ్మ బస్సెక్కలేదు.

కానీ మడి ఎండబెట్టలేదు. విత్తనం చల్లడం, నీళ్ళు కట్టడం, కూర ముదిరి కంకి వేస్తే పీకేసి మళ్ళీ చల్లడం. ఎందుకు పెద్దమ్మా ఈ ఒట్టి చాకిరీ అని నేనొకసారి అడిగితే నా మీద ఎగిరింది.

"మడి ఎండబెడ్తే ఆ గొర్లోడు చెప్పింది నిజమని నేనే ఒప్పుకున్నట్టు గాదా? నీకి ప్రభుత్వం జీతం యాల ఇస్తాండాదో నాకి అర్థం కాదప్పా" అంది.

ఆ సంగతి నాకూ అర్థం కాలేదు కాబట్టి ఊరుకున్నాను.

ఈ ఏడాది యూనివర్సిటీ నుంచి హేమలత వచ్చింది. ఒంగోలు వైపు అమ్మాయి, పరిశోధన చేస్తోంది. నేలలో ఉండే ఇలాంటి పదార్థాలను ఏ మొక్క ఎంత పీల్చుకుంటుందన్నది ఆమె విషయం. మా జిల్లాలో తిరిగి తిరిగి నల్లమ్మ తోట పట్టుకుంది. ఆమెకు సహాయకుడిగా నన్ను వేశారు.

"ఒకే మట్టి, ఒకే నీళ్ళు, ఆరు పంటలు వేద్దాం అవ్వా" అని నల్లమ్మకు చెప్పింది హేమలత. "మొక్కలన్నీ ఒకేలా తినవు. కొన్నిటికి మంచీ చెడూ తేడా తెలియదు. సున్నం అనుకుని రేడియం తాగేస్తాయి. పొటాష్ అనుకుని సీజియం తాగేస్తాయి. యురేనియం సంగతి ఇంకో రకం. ఏది ఎంత తాగుతుందో, తాగింది ఎక్కడ దాచుకుంటుందో చూడాలి."

నల్లమ్మ ఇదంతా విని, తనకు కావలసింది తీసుకుంది. ఆరింటికీ పోటీ పెడుతున్నారు. తోటకూర, ముల్లంగి, వంకాయ, శెనక్కాయ, కొర్ర, పొద్దుతిరుగుడు. ఆరింట్లో తన కూర గెలవాలి.

"చెయ్యి పాపా, నా భూమి తీసుకో" అంది. "ఒక్కటే మాట. ఫలితం వచ్చినాక పాలకేంద్రం కాడ, అందరూ క్యాన్లు తెచ్చుకోని నిలబడినప్పుడు, గట్టిగా చెప్పల్ల. నా చెవులో చెప్పి పోతానంటే కుదర్దు."

హేమలత సరేనంది. ఆరు మళ్ళు వేశాం. నీళ్ళు నల్లమ్మే కట్టింది. మిగతా అయిదు మళ్ళకు కట్టి, తోటకూర మడికి వచ్చేసరికి ఇంకాస్త ప్రేమగా కట్టేది. అన్నిటికీ సమానంగా కట్టాలి అవ్వా అని హేమలత చెప్పిన ప్రతిసారీ, "సమానంగానే కడ్తాండా, నీ కండ్లకి అట్ల కనపడ్తాంది" అని దబాయించేది.

హేమలత దగ్గర రేడియేషన్ కొలిచే చిన్న మీటరు ఉండేది. మడిలో పెడితే అప్పుడొకటి అప్పుడొకటి టిక్కుమనేది. ఒకరోజు చెన్నప్ప రోజూ మధ్యాహ్నం పడుకునే గుండు మీద పెట్టి చూసింది. మడిలో కంటే గట్టిగా కొట్టుకుంది. రాతిబండల్లో ఇది మామూలే, భయం లేదు అని ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. చెన్నప్ప వినలేదు. రెండు రోజులు ఎండలో కూర్చున్నాడు. మూడో రోజు నీడ ఇంకెక్కడా లేదని తెలిసి, దుప్పటి ఒకటి పరుచుకుని మళ్ళీ ఆ గుండు మీదే పడుకున్నాడు. నల్లమ్మ పనిమాలా అటువైపు పోయి చూసి వచ్చింది. ఆ వారమంతా ఆమె ముఖం కళకళలాడింది.

డెబ్భై రోజులకు కొర్ర కంకి పాలు పోసుకుంది, తోటకూర మూడోసారి కోతకొచ్చింది. హేమలత మిగతా పంటలకు ఒక్కొక్కటిగా నమూనాలు తీసి, మరో పదిరోజులకు కొర్ర గింజలు కూడా చేతికొచ్చాక, చివర్లో తోటకూర పని పెట్టుకుంది. నేలకు రెండంగుళాల పైన కత్తెరతో కోసి, సీసానీళ్ళలో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, కాగితం సంచిలో పెట్టి పేరు రాసింది. అప్పుడే ఆమె పరిశోధన చూసే గైడు సారు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాడు. ఆరు సంచులూ నాకప్పగించింది.

"సాయంత్రం బస్సుకు ల్యాబుకు పార్సిల్ వేయండి గంగాధర్ గారూ. సంచులు మాత్రం తెరవకండి" అని వెళ్ళిపోయింది.

నేను తెరవలేదు. ఇది ప్రమాణం చేసి చెప్పగలను. నేను చేసిందల్లా నల్లమ్మ పెట్టిన రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి తిని, వసారాలో మంచం మీద కాసేపు నడుం వాల్చడం. ఎండాకాలం సంగటి తిన్నవాడు నడుం వాలిస్తే ఏమవుతుందో మా ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. లేచేసరికి నాలుగయింది. సంచులు బండికి తగిలించుకుంటుంటే ఒకటి బరువుగా తోచింది. పైగా అది ప్లాస్టిక్ కవరులో ఉంది, తడిగా ఉంది. అడుగుదామనుకున్నాను. బస్సుకు టైమైంది. కాగితం చినిగి హేమలతే కవరు మార్చిందేమోలే అనుకుని పార్సిల్ వేసి వచ్చాను.

ఇరవై రోజులకు ఫలితాలు హేమలతకు పంపుతూ ఆ ల్యాబువాళ్ళు నాకూ ఒక కాపీ పంపారు. పాలకేంద్రం దగ్గర నిలబడి ఫోనులో తెరిచాను. ఆరు పేర్లు, ఎదురుగా అంకెలు, ఎక్కువ నుంచి తక్కువకు. నేనింకా కళ్ళద్దాలు తుడుచుకుంటుండగానే నా భుజం మీంచి చెన్నప్ప తల దూర్చాడు.

"ఓరి నీ! తోటకూర ఫస్టుండాదే!" అన్నాడు.

ఆ ఒక్కమాట పట్టుకుని ఎవరో నల్లమ్మ ఇంటివైపు పరిగెత్తారు. నేను బండి తీశాను. కిక్కు కొట్టాను. నా బండి అవసరమైనప్పుడు ఎప్పుడూ స్టార్టు కాదు. నడుచుకుంటూ సగం దూరం పోయేసరికి నల్లమ్మే ఎదురొచ్చింది. కొత్తచీర కట్టింది. చేతిలో కిలో బెల్లం.

"ఫస్టొచ్చినాదంట గదా నాయనా!" అని నా నోట్లో ఒక ముక్క కుక్కింది. నోరు నిండిపోయి నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆమె పాలకేంద్రానికి పోయి వరసలో ఉన్నవాళ్ళందరికీ పంచింది. చెన్నప్పకు పెద్దముక్క పెట్టి, "తిను. బాంబు కూరంటివే, ఇప్పుడేమంటావు?" అంది.

చెన్నప్ప చెడ్డవాడు కాదు. నోరు ఆగదంతే. బెల్లం బుగ్గన పెట్టుకుని, "వదినా, ఫస్టంటే మంచిలో ఫస్టు గాదు. ఆ విషం తాగడంలో ఫస్టు. ముల్లంగి అరవై అయిదు. నీ కూర ఏడు వందల నలభై" అన్నాడు.

బెల్లం నోట్లో ఉన్నవాళ్ళంతా నమలడం ఆపేశారు. ఆ బెల్లం తిప్పయ్య అంగట్లోది, నల్లమ్మ తోటలో కాసింది కాదు. అయినా వరసలో ఉన్న ఓబమ్మ పక్కకు తిరిగి ఉమ్మేసింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఉమ్మారు.

నల్లమ్మ నా వైపు చూసింది. కాదని చెబుతానేమోనని చూసింది. నేను ఫోను వైపు చూశాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. మిగిలిన బెల్లం కొంగున ముడేసుకుని ఇంటికి పోయింది. నల్లమ్మ తిట్టకుండా పోవడం నేను చూడడం అదే మొదటిసారి. నాకు భయమేసింది.

సాయంత్రానికి తెలిసింది. యేసన్నకు కబురు పెట్టిందట. యేసన్న బోర్లలోంచి మోటార్లు ఎత్తే మనిషి. పొద్దున్నే వచ్చి మోటారు, పైపులు అన్నీ ఎత్తేయమందట. తర్వాత పామిడిలో చెల్లెలి దగ్గరికి పోయి ఉంటానందట. రెండేళ్ళు ఊరంతా నవ్వినా ఎండబెట్టని మడిని ఒక్క అంకె చూసి వదిలేస్తోంది.

ఆ రాత్రి నాకు తడి కవరు గుర్తొచ్చింది. దాంతోపాటు, సంగతి బయటపడితే పైనుంచి సార్లు ఇచ్చే మెమో కూడా గుర్తొచ్చింది. హేమలతకు ఫోన్ చేసి, ఊళ్ళో జరిగింది చెప్పాను, మోటారు సంగతి చెప్పాను, కవరు సంగతి చెప్పలేదు. నన్ను నేను సమర్థించుకోను. ఉద్యోగం చేసేవాడికి భయం ముందు పుడుతుంది, బుద్ధి తర్వాత పుడుతుంది.

"నేనూ అదే చూస్తున్నానండీ, ఆ అంకె కుదరడం లేదు. మొదటి బస్సుకే వస్తాను" అంది ఆ అమ్మాయి.

పొద్దున నేను వెళ్ళేసరికి యేసన్న బోరు మీద మూడుకాళ్ళ ఇనుప స్టాండు నిలబెట్టి గొలుసు తిప్పుతున్నాడు. అప్పటికే రెండు పైపులు బయటికి తీసి గట్టు మీద పడేశాడు. చూడడానికి చెన్నప్ప, ఆయన గొర్రెలు వచ్చాయి. నల్లమ్మ తోటకూర మడి గట్టున కూర్చుని అటు చూడకుండా ఉంది. ఇంతలో హేమలత పరుగులాంటి నడకతో వచ్చింది.

"అవ్వా, ఒక్క గంట ఆపించండి. ఈ లెక్కలో ఏదో తప్పుంది. ఇనుము కూడా కొలిచారు. ఆకులో అంత ఇనుము ఉండదు. అది మట్టిలో ఉండే లెక్క. ఇది కూర లెక్కలా లేదు, సగం మన్ను లెక్కలా ఉంది. నేను మూడుసార్లు కడిగి పెట్టాను కదా?"

కూర సగం మన్ను అనేసరికి నల్లమ్మకు నిన్న పోయిన నోరు తిరిగొచ్చింది.

"మన్నా? నా కూరలో మన్నా? పాపా, విషముండాదని చెప్పు పడతా. మన్నుండాదని మాత్రం చెప్పొద్దు. పద్దెనిమిదేండ్లు అమ్మినా, ఒక్కరు మాట అన్ల్యా. నువ్వు పెట్టి పోయినావే, అది చూసినా నేను. నాలుగు ఆకులు, వేరు లేదు, పాడు లేదు, వాడిపోయి. కోసిన కూరంటే నిన్నటి కూర. గొర్రి గూడా మూతి తిప్పుకుంటాది. అంత దూరం పోయే కూర, పెద్ద పెద్ద చదువులోళ్ళు చూసే కూర, నల్లమ్మ మడిది అని పేరు రాసిన కూర అట్ల పంపిస్తారా ఎవురైనా? ఈయప్ప గురక పెడ్తాంటే నేనే పోయి, మంచి లేతది ఏరి, వేర్లతో పీకి, నారతో కట్ట కట్టి, కాలవలో ముంచి, వాడిపోకుండా వేర్లకి కొంచెం బురద పట్టిచ్చి పెట్టినా. నేను కట్టిన కట్ట సాయంత్రం దాకా పెండ్లికూతురు మాదిరి ఉంటాది. మన్నంట, మన్ను!"

యేసన్న గొలుసు తిప్పడం ఆపేశాడు.  హేమలత గట్టు మీద కూలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను దగ్గరికి పోయాను. ఆ పిల్ల నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరు నెలల పరిశోధన ఒక కట్ట తోటకూరకు బలైపోతే నవ్విన మనిషిని నేను మొదటిసారి చూశాను. ఆమె ముందు నాకు సిగ్గేసింది.

"మేడమ్, కవరు బరువుగా ఉందని నాకు అప్పుడే తెలుసు. తడిగా కూడా ఉంది. అడగలేదు. తప్పు నాదే" అన్నాను.

"మీ సంగతి తర్వాత" అంది హేమలత. ఆ తర్వాత ఎప్పుడనేది ఇంకా చెప్పలేదు.

ఆమె లేచి మడిలోకి దిగి ఒక మొక్క వేళ్ళతో సహా పీకింది. నల్లమ్మ పక్కన కూర్చుని, మొక్కను ఒళ్ళో పెట్టి చూపించింది.

"అవ్వా, చాలా మొక్కలు యురేనియాన్ని వేరు దగ్గరే పట్టి ఉంచేస్తాయి. పైకి వచ్చేది చాలా తక్కువ. పొద్దుతిరుగుడు కూడా అంతే, గింజ దాకా దాదాపు ఏమీ రాదు. కొర్ర గింజకు వచ్చిన అంకె కూడా చాలా చిన్నది. ముల్లంగిలో మనం తినేది వేరునే కాబట్టి కాస్త ఎక్కువ కనపడింది. మీరు పంపిన కట్టలో వేరుంది, దానికి బురదుంది. అదంతా ఎండబెట్టి పొడి చేసి కొలిచారు వాళ్ళు. ఆకులో ఎంతుందో ఆ అంకెకు తెలియదు."

నల్లమ్మ ఆ మొక్కను తీసుకుని వేరు వైపు ఒకసారి, ఆకు వైపు ఒకసారి చూసింది.

"అంటే వాకిట్లోనే నిలబెడ్తాదా దాన్ని? లోపలికి రానీదా?"

"చాలావరకు రానివ్వదు. ఎంత రానిస్తుందో మళ్ళీ కొలవాలి."

"నువ్వు మొన్ననే ఈ ముక్క చెప్పింటే నేను వేరు పెట్టింటానా?" అని హేమలతనే కోప్పడింది నల్లమ్మ. తర్వాత యేసన్న వైపు తిరిగింది. "ఏమప్పా, ఎవురు తీయమన్నారని తీస్తాండావు పైపులు? దించు!"

రెండోసారి నమూనాలు తీసిన రోజు నేను సంగటి ముట్టలేదు. వేరుకొకటి, కాడకొకటి, ఆకుకొకటి, మూడు సంచులు. మూడుసార్లు కడిగేటప్పుడు నల్లమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంది. అన్నిసార్లు కడగడమంటే తన కూరను నలుగురిలో అనుమానించడమే అన్నట్టు అలిగింది. అయినా చెయ్యి పెట్టలేదు. సంచులకు నేను మూడుచోట్ల టేపు వేసి, బస్సులో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని నేనే తీసుకుపోయి ల్యాబులో ఇచ్చి వచ్చాను.

మూడు వారాలకు ఒక పొద్దున హేమలత కాగితం పట్టుకుని పాలకేంద్రం దగ్గర నిలబడింది. క్యాన్లతో ఊరంతా ఉంది. నల్లమ్మ ముందు వరసలో ఉంది. ఈసారి బెల్లం తేలేదు.

"వేరులో ఆరు వందల ఎనభై. కాడలో ఇరవై రెండు. ఆకులో పధ్నాలుగు" అని గట్టిగా చదివింది హేమలత. "ఈ మోతాదు వల్ల ఆందోళన చెందాల్సిన అవసరం ఉన్నట్టు ఇప్పటివరకు ఉన్న ఆధారాలు సూచించడం లేదు."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఏం మాటమ్మా ఇది?" అంది నల్లమ్మ. "తినొచ్చునా, తినకూడదా?"

చదువుకున్నవాళ్ళకు ఈ ప్రశ్న ఎంత కష్టమో ఆ రోజు చూశాను. ఆ పిల్ల కాగితం వైపు చూసింది, నావైపు చూసింది, ఊపిరి పీల్చుకుంది.

"తినొచ్చు. వేర్లు నేలలోనే వదిలేసి, పైన కోసి, మంచినీళ్ళతో కడిగి వండుకోవచ్చు. ఆ బోరు నీళ్ళు మాత్రం తాగకండి, వంటకూ వాడకండి. కుళాయి నీళ్ళే వాడండి."

గుంపులో ఒక్కసారిగా మాటలు లేచాయి. ఓబమ్మ అప్పుడే, రేపు నాకి రెండు కట్టలు పెట్టు అంటోంది. నల్లమ్మ గెలిచింది. నేను ఆమె ముఖంలో ఆ గెలుపు చూద్దామని తిరిగాను. అప్పుడు చెన్నప్ప, మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు.

"అదంతా సరేలే వదినా. నువ్వు తింటాండావా?"

రెండేళ్ళలో ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. తింటోందనే అనుకున్నాం. పండించే మనిషి తినకుండా ఎలా ఉంటుంది?

నల్లమ్మ ముఖం వాడిపోయింది. 

"లేదు" అంది. "ఆ కాగితం వచ్చిన దినం నుంచి ఒక్క ఆకు నోట్లో పెట్టుకోలా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"నాకి భయమైతాండె" అంది. "మీరు నవ్వుతాంటే మీ మీద కోపం చేస్తి. బాంబు కూరన్నాడని చెన్నప్పని తిడ్తి. ఇంటికి పోయి కారెం, సంగటి తింటి. అయినా ఆ పదకొండు దినాలు గంప మోసినా గదా. కొనండమ్మా, కొనండప్పా అని అరిచినా గదా. ఒక్కరన్నా కొనింటే? నేను తినను గాని వాళ్ళ పిల్లోళ్ళకి పెట్టింటి గదప్పా నేను? అమ్ముడుపోలేదని ఇంటికొచ్చి ఏడ్చినా. అమ్ముడుపోకపాయనే, బాగాయనే అని గూడా ఏడ్చినా. రెండూ నేనే ఏడ్చినా."

పాలు కొలిచే మారెక్క కొలత గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. నేను పోయి ఆమె పక్కన నిలబడాలనుకున్నాను, నిలబడలేదు. రెండేళ్ళుగా ఆమె పొగరు చూసి ముచ్చటపడుతూ వచ్చాను. దాని వెనక ఇంత ఉందని నాకు తట్టనే లేదు.

హేమలత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"అవ్వా, ఇంట్లో కందిపప్పుందా?" అని అడిగింది.

"బేడలా? ఉండాయి."

"పదండి మరి. నాకు ఆకలేస్తోంది."

వాళ్ళిద్దరి వెనక నేను పోయాను, నా వెనక చెన్నప్ప వచ్చాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. నల్లమ్మ మడిలో దిగి కొడవలితో కూర పైపైన కోసింది. వేర్లు నేలలో ఉండిపోయాయి. కుళాయి నీళ్ళలో ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ కడిగింది. మూడు అయ్యాక హేమలత చాలన్నా వినకుండా నాలుగోసారి కూడా కడిగింది. బేడలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి పప్పుగుత్తితో మెదిపింది. సంగటి ముద్దలు వేసి, మధ్యలో గుంట చేసి పప్పు పోసి, మాకందరికీ పెట్టి, చివర్లో తన కంచం తెచ్చుకుని కూర్చుంది.

హేమలత అప్పటికే సగం ముద్ద తినేసింది. చెన్నప్ప మాత్రం కంచంలో చెయ్యి పెట్టకుండా నల్లమ్మనే చూస్తున్నాడు. నల్లమ్మ ముద్ద తుంచి పప్పులో అద్దింది. చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. నేను తినడం ఆపాను. ఆమె కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది.

చాలాసేపు నమిలింది.

"ఉప్పు చాల్లేదు" అంది. 

ఉప్పు సరిపోయింది. ఆ మాట మేమెవరం అనలేదు. ఆమె లేచి ఉప్పు తేవడానికి లోపలికి పోయి, ఒక గుప్పెడు ఉప్పు తేవడానికి పట్టేదానికంటే ఎక్కువసేపు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చి, పైటకొంగుతో ముఖం తుడుచుకుని, గిన్నెలో ఉప్పు వేసి కలిపి, అందరికీ మళ్ళీ పోసింది. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పైంది. చెన్నప్ప కిక్కురుమనకుండా తిని, కంచం ముందుకు తోసి ఇంకొంచెం పప్పు పోయమన్నాడు. నేనూ పోయించుకున్నాను.